పరిచయపు ఆటలు: తరగతి గదిలో గుంపు గుర్తింపు

కొత్తగా ఒకచోట చేరిన విద్యార్థుల మధ్య బెరుకు పోగొట్టి మాట కలపడానికి మొదటి రోజుల్లో ఉపాధ్యాయులు ఆడించే చిన్న చిన్న ఆటలను ఐస్‌బ్రేకర్లు అంటారు. గడ్డకట్టిన సముద్రాన్ని చీల్చుకుంటూ దారి చేసే ఓడ పేరు అది. మంచు ఎరగని తెలుగు నేలకు ఆ పోలిక అంతగా అతకదు కాబట్టి ఇక్కడ వాటిని పరిచయపు ఆటలు అందాం. ముందువాళ్ళ పేర్లన్నీ అప్పజెప్పి చివర తన పేరు కలిపే గొలుసాట, రెండు నిజాలూ ఒక అబద్ధమూ చెప్పి అబద్ధమేదో పట్టుకోమనే ఆట ఈ కోవలోవే. గళ్ళ కాగితం మీద ‘ఈత వచ్చినవారు’, ‘ఇంట్లో కోళ్ళు ఉన్నవారు’ అని రాసి, ఒక్కో గడికి ఒక్కో మనిషిని వెతికి సంతకం పెట్టించుకోమనేది మరొకటి. గది నాలుగు మూలలకూ నాలుగు జవాబులు అంటించి, ఎవరికి నచ్చిన మూలకు వాళ్ళను వెళ్ళమనడం ఇంకొకటి. వీటిని కాలక్షేపమనీ, పాఠానికి ముందు గొంతు సవరించుకోవడం లాంటివనీ చాలామంది అనుకుంటారు. నాలుగు మూలల ఆటను కాస్త నిదానంగా చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. అర నిమిషంలో తరగతి నాలుగు ముక్కలవుతుంది. ఒకే మూలకు చేరినవాళ్ళు, అప్పటిదాకా ముఖం ఎరగనివాళ్ళు, ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. ఎదుటి మూల వైపు చూసే చూపు మాత్రం అప్పుడే కొంచెం మారి ఉంటుంది. పరిచయపు ఆట బెరుకు పోగొట్టడంతో పాటు గీతలు కూడా గీస్తుంది. అది తరగతిని కలుపుతుందా విడదీస్తుందా అన్నది ఆ గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టీ, ఆట ముగిశాక ఏం చేశారన్న దాన్ని బట్టీ ఉంటుంది.

గీత ఎంత చిన్నదైనా చాలునని తేల్చినవాడు మనస్తత్వవేత్త హెన్రీ తజ్‌ఫెల్. 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి జర్మన్లకు బందీగా చిక్కాడు. తాను పోలండ్ యూదుణ్ణన్న సంగతి దాచి, ఫ్రెంచి యూదుడిగా చెలామణి కావడం వల్లే ప్రాణం దక్కింది. తిరిగొచ్చేసరికి ఇంటివాళ్ళలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనిషిని ఏ గుంపులో లెక్కేస్తారన్నది చావుబతుకుల ప్రశ్న కావడం ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. తర్వాత బ్రిస్టల్‌లో ప్రొఫెసరుగా ఉంటూ ఒక బడి నుంచి 14, 15 ఏళ్ళ కుర్రాళ్ళు 64 మందిని పిలిపించి, తెర మీద క్షణకాలం మెరిసే చుక్కలు ఎన్నో అంచనా వేయమన్నాడు. మీరు ఎక్కువ లెక్కించే రకమనీ, మీరు తక్కువ లెక్కించే రకమనీ చెప్పి రెండు గుంపులు చేశాడు. మరో విడతలో పౌల్ క్లీ బొమ్మలు నచ్చినవారు, కాండిన్‌స్కీ బొమ్మలు నచ్చినవారు అని విడదీశాడు. నిజానికి ఎవర్ని ఎందులో వేయాలన్నది లాటరీయే. ఆ తర్వాత ఒక్కొక్కణ్ణీ విడిగా కూర్చోబెట్టి, పేర్లు తెలియని ఇద్దరికి కొంత డబ్బు పంచమన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు తమ గుంపువాడు, ఒకడు అవతలివాడు. పంచేవాడికి అందులో పైసా రాదు. అయినా కుర్రాళ్ళు తమవాడికే మొగ్గారు. తమవాడికి వీలైనంత ఎక్కువ ఇచ్చే దారి ఉన్నప్పటికీ, రెండు గుంపుల మధ్య తేడా పెద్దదయ్యే పంపకం వైపే చాలామంది వెళ్ళారు. అంటే తమవాడికి కొంత తగ్గినా ఫర్వాలేదు, అవతలివాడికి ఇంకా తగ్గాలి. 1970, 71ల్లో అచ్చయిన ఈ ప్రయోగాల నుంచే, జాన్ టర్నర్‌తో కలిసి ఆయన 1979లో ప్రతిపాదించిన సామాజిక గుర్తింపు సిద్ధాంతం పుట్టింది. మనిషి తన విలువను కొంతవరకు తాను చేరిన గుంపు విలువలోంచి తీసుకుంటాడనీ, అందుకే తన గుంపు పైచేయిగా కనిపించాలని కోరుకుంటాడనీ దాని సారాంశం.

చుక్కల లెక్కకే ఇంత జరిగితే, నిజమైన గీతలున్న చోట ఏం జరుగుతుంది? ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసిన ప్రయోగాన్ని పరిచయపు ఆటలు ఆడించే ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి. అగ్రకులాల నుంచి 321 మంది, దళిత కులం నుంచి 321 మంది అబ్బాయిలు, 6, 7 తరగతులవాళ్ళు, కాగితం మీద చిక్కుదారులు విప్పారు. ఎన్ని విప్పితే అంత డబ్బు. కులం ఊసెత్తని చోట రెండు వర్గాల పిల్లలూ ఇంచుమించు సమానంగా విప్పారు. ఇంకోచోట, పని మొదలయ్యే ముందు నిర్వాహకుడు ఒక్కో పిల్లవాడి వైపు తిరిగి, అందరూ వినేలా అతని పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివి, సరేనా అన్నట్టు చూశాడు. పిల్లవాడు తలూపాడు. అంతే జరిగింది. దళిత పిల్లలు విప్పిన చిక్కుల సంఖ్య 20 నుంచి 25 శాతం దాకా పడిపోయింది. ఆ తలూపడం కూడా ఒక పరిచయమే. మన బడుల్లో మొదటి రోజు నిలబెట్టి అడిగే ప్రశ్నలకూ దానికీ పెద్ద దూరం లేదు. పేరేంటి, ఇంటిపేరేంటి, నాన్నేం చేస్తాడు, ఏ ఊరు? తెలుగునాట ఇంటిపేరు అడగడమంటే చాలా సందర్భాల్లో కులం అడగడమే. నాన్న పని అడిగితే డబ్బు సంగతి బయటపడుతుంది. ‘మీ పేటెక్కడ’ అంటే మిగతాది కూడా తెలిసిపోతుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆ పని ఎంట్రన్స్ ర్యాంకు చేస్తుంది. ‘ర్యాంకెంత’ అన్న మాటకు జవాబు చెప్పగానే ఏ కోటాలో సీటొచ్చిందో ఎదుటివాడు లెక్కగట్టేస్తాడు. హాస్టళ్ళలో సీనియర్లు ‘ఇంట్రో’ పేరుతో రాత్రిళ్ళు అడిగేవి కూడా ఇవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తేవాల్సివచ్చింది ఇలాంటి పరిచయాలు ముదిరే. ఇప్పుడు ఏఐసీటీఈ ఇంజినీరింగ్‌లో మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టింది, యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఏర్పాటు మంచిదే. కాని మూడు వారాలూ స్టేజీ మీద ఉపన్యాసాలతో గడిచిపోతే అసలు పరిచయాలు మళ్ళీ హాస్టల్ గదుల్లోనే జరుగుతాయి.

అడిగే ప్రశ్న మారిస్తే అదే ఆట మరో పని చేస్తుంది. గుంపు గుర్తింపు ఎలా పుడుతుందో పిల్లల కళ్ళముందే పుట్టించి చూపవచ్చు. ఇందుకు బాగా వాడుకలో ఉన్న అభ్యాసం రంగు చుక్కలది. విద్యార్థులను కళ్ళు మూసుకోమని, ఒక్కొక్కరి నుదుట ఒక రంగు చుక్క అంటిస్తారు. ఎర్రవి కొన్ని, నీలం కొన్ని, పసుపు కొన్ని. ఆకుపచ్చ చుక్క మాత్రం గది మొత్తానికి ఒకటే. కళ్ళు తెరిచాక టీచరు ఒక్క మాటే అంటుంది: మాట్లాడకుండా గుంపులు కట్టండి. రంగుల ప్రకారం అని ఆమె అనదు. అయినా పిల్లలు ఒకరి నుదురు ఒకరు చూసి, భుజాలు పట్టి లాగి, ఎర్రవాళ్ళను ఎర్రవాళ్ళతో, నీలంవాళ్ళను నీలంవాళ్ళతో చేర్చేస్తారు. తన చుక్క తనకు కనబడదు కాబట్టి తానెవరో ఎదుటివాళ్ళే తేలుస్తారు. ఆకుపచ్చ చుక్క ఉన్న పిల్ల ఏ గుంపు దగ్గరికి వెళ్ళినా తల అడ్డంగా ఊపుతారు. చివరికి ఆ పిల్ల గది మధ్యలో మిగిలిపోతుంది. అప్పుడు టీచరు ‘రంగులని ఎవరన్నారు?’ అని అడగాలి. ఎత్తు ప్రకారం కట్టవచ్చు, అందరూ కలిసి ఒకే గుంపు కట్టవచ్చు, ఆకుపచ్చను ఎవరైనా చేయి పట్టి లోపలికి లాక్కోవచ్చు. ఎవరికీ ఎందుకు తోచలేదన్న చర్చే అసలు పాఠం. పది నిమిషాల ఆటకు ఇరవై నిమిషాల మాట కావాలి. మాట లేకుండా ఆట ఒక్కటే ఆడిస్తే పిల్లలు నేర్చుకునేది రంగుల ప్రకారం కట్టాలనే. ఇంకో చిన్న జాగ్రత్త. చేతికి అందుబాటులో ఉన్నాయని స్టిక్కర్ బొట్లు వాడాలనిపిస్తుంది. బొట్టు మనకు రంగు చుక్క మాత్రమే కాదు, కొన్ని ఇళ్ళలో పెడతారు, కొన్ని ఇళ్ళలో పెట్టరు. అర్థంలేని గుర్తు కావాల్సిన చోట నిండా అర్థమున్న గుర్తు వచ్చి కూర్చుంటుంది. రంగు కాగితం ముక్కే మేలు.

ఇదే పనిని మరింత లోతుగా చేసే ఆట బార్ంగా. చెన్నై నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన శివశైలం త్యాగరాజన్ 1980లో లైబీరియాలోని గ్బార్ంగా పట్టణంలో పనిచేస్తూ దాన్ని రూపొందించాడు. నాలుగైదు బల్లల దగ్గర పేకాట సాగుతుంది. ప్రతి బల్లకూ నియమాల కాగితం ఇచ్చి, నేర్చుకున్నాక వెనక్కి తీసుకుంటారు, ఆపైన మాట్లాడకూడదంటారు. ఒక బల్ల దగ్గర ఆసు పెద్ద ముక్క, ఇంకో బల్ల దగ్గర చిన్నది. ఈ సంగతి ఆటగాళ్ళకు తెలియదు. గెలిచినవాళ్ళు పక్క బల్లకు మారతారు. అక్కడ గెలిచామనుకుని ముక్కలు లాక్కోబోతే ఎదుటివాళ్ళు చెయ్యి పట్టుకుంటారు. వీడు మోసగాడని వాళ్ళూ, వీళ్ళు మొండివాళ్ళని కొత్తగా వచ్చినవాడూ అనుకుంటారు. నియమాలు వేరై ఉండవచ్చన్న ఆలోచన ఆఖరున వస్తుంది. పల్లె నుంచి వచ్చి పట్నం హాస్టల్లో చేరిన పిల్లవాడికి, తెలంగాణ యాసతో కోస్తా కాలేజీలోనో కోస్తా యాసతో హైదరాబాదులోనో కూర్చున్నవాడికి ఆ స్థితి కొత్తదేం కాదు. పేకముక్కలు తెస్తే హెడ్మాస్టరు ఊరుకోడు గాని, అంకెలు రాసిన అట్టముక్కలతోనూ ఈ ఆట నడుస్తుంది.

గుంపులు పుట్టించి చూపడం ప్రమాదం కాదా అన్న అభ్యంతరం బలమైనది. దానికి తిరుగులేని ఉదాహరణగా చెప్పేది జేన్ ఇలియట్ అనే టీచరు తరగతినే. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్ 5న, అమెరికాలోని అయోవా రాష్ట్రం రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఆమె తన మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసింది. ఒక రంగు వాళ్ళకు ఎక్కువ ఆటవిడుపు, రెండో రంగు వాళ్ళ మెడకు గుడ్డ పట్టీ. తర్వాత తారుమారు చేసింది. పైచేయి ఇచ్చినవాళ్ళు గంటల్లోనే తోటివాళ్ళను ఈసడించారు, కిందికి నెట్టినవాళ్ళు చదువులో తడబడ్డారు. 1970లో ఏబీసీ టెలివిజన్ తీసిన చిత్రంతో ఈ పాఠం లోకమంతా తెలిసింది. ఆమెను మెచ్చుకున్నవాళ్ళు ఎంతమందో, ఏమీ తెలియని పిల్లలను అనుమతి లేకుండా ఏడిపించిందన్నవాళ్ళూ అంతమంది. నా లెక్కలో రెండో పక్షానిదే పైచేయి. ఎనిమిదేళ్ళ పిల్లలకు టీచరే పెట్టిన గీతను ఆటగా చూసే వయసు రాదు, పైగా కళ్ళ రంగు ఒంటిమీది గుర్తు, బెల్లు కొట్టాక తీసి పారేసేది కాదు. ఆ అభ్యంతరం రంగు చుక్కకు అంతగా తగలదు. చుక్క ఉత్తి కాగితం ముక్కేనని అందరికీ తెలుసు, పది నిమిషాల్లో పీకేస్తారు, పీకాక దాని గురించే మాట్లాడుకుంటారు. ఒంటరిగా మిగిలే ఆకుపచ్చ చుక్కను మామూలుగానే ఒంటరిగా ఉండే పిల్లకు అంటించకూడదు. ఆమెకు అది ఆట కాదు, రోజూ ఉండేదే. తరగతిలో నలుగురూ చుట్టూ ఉండేవాళ్ళకు అంటిస్తే ఆ ఐదు నిమిషాలు కొత్తగా తోస్తాయి.

ఇక రెండో సగం, కలపడం. పరిచయపు ఆటల మీద పెట్టుకునే ఆశలో తప్పు ఇక్కడే ఉంది. దగ్గర కూర్చోబెడితే, నవ్విస్తే, కలిసిపోతారనుకుంటారు. 1954 వేసవిలో మనస్తత్వవేత్త ముజఫర్ షెరిఫ్ ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ పార్కులో 11 ఏళ్ళ పిల్లలు 22 మందిని రెండు జట్లుగా విడిది చేయించి, పోటీలు పెట్టాడు. ఈగిల్స్, రాట్లర్స్ అని పేర్లు పెట్టుకున్న ఆ జట్లు జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళాయి. ఆ తర్వాత వాళ్ళను కలపడానికి మొదట కలిసి భోజనానికి కూర్చోబెట్టారు, సినిమా చూపించారు. మనం వేడుకగా పెట్టే సామూహిక పరిచయాల వంటివే అవి. భోజనాలు తిండి విసురుకోవడంతో ముగిశాయి. విడిదికి నీళ్ళు ఆగిపోయి గొట్టం ఎక్కడ మూసుకుందో అందరూ కలిసి వెతకాల్సి వచ్చినప్పుడు, మొరాయించిన లారీని తాడు కట్టి కలిసి లాగినప్పుడు మాత్రమే జట్లు కరిగాయి. నిర్వాహకులు పిల్లలను వెనక నుంచి ఎగదోశారనీ, అంతకు ముందు ఏడాది ఇదే ప్రయోగంలో పిల్లలు కొట్టుకోవడానికి నిరాకరించారనీ తర్వాత బయటపడింది. కాబట్టి పిల్లలు సహజంగా శత్రువులవుతారన్న తీర్మానానికి దాన్ని వాడలేం. కలిసి తినడం చాలలేదు, కలిసి పనిచేయడం చాలింది అన్న భాగం మాత్రం వేరే ఆధారాలతోనూ నిలుస్తోంది. అదే 1954లో మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, భిన్న వర్గాల కలయిక ద్వేషాన్ని తగ్గించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ళ మద్దతు ఉండాలన్నాడు. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లలు తొలిసారి ఒకే గదిలో కూర్చున్నప్పుడు మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ పాఠాన్నే ముక్కలు చేశాడు. ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇచ్చి, మిగతా భాగాలు తోటివాళ్ళు చెబితేనే తెలిసేలా ఏర్పాటు చేశాడు. జిగ్సా పద్ధతి అనే పేరు దానికి అలా వచ్చింది. మన దేశంలో ఆర్థికవేత్త మ్యాట్ లోవ్ ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది యువకులతో నెలరోజుల క్రికెట్ లీగులు ఆడించాడు. వేరే కులంవాళ్ళతో ఒకే జట్టులో ఆడినవాళ్ళకు కులం బయట స్నేహాలు పెరిగాయి. వేరే కులం జట్ల మీద ఆడినవాళ్ళలో ఫలితం చాలావరకు దానికి ఎదురుగా వచ్చింది. మన బడుల్లో పరిచయపు ఆట పేరుతో అబ్బాయిలు వర్సెస్ అమ్మాయిలు, ఏ సెక్షన్ వర్సెస్ బి సెక్షన్ అని పోటీ పెట్టేవాళ్ళు ఈ రెండో ఫలితాన్ని చూడాలి.

సిలబస్ పూర్తికాని చోట ఆటలేమిటన్న విసుగు న్యాయమైనదే. జవాబుగా హంటర్ గెల్‌బాక్ బృందం 2016లో ప్రకటించిన ప్రయోగాన్ని చెప్పవచ్చు. ఒక అమెరికన్ హైస్కూలులో 9వ తరగతి విద్యార్థులు 315 మందీ, వారి టీచర్లు 25 మందీ ఇష్టాయిష్టాల గురించి ఒకే ప్రశ్నాపత్రం నింపారు. ఇద్దరికీ కలిసిన జవాబులు ఐదింటిని కొందరికి చూపించారు. మార్కులు పెరిగింది ప్రధానంగా నల్ల, లాటినో పిల్లలకు, అదీ పోలిక తెలిసింది టీచరుకైనప్పుడు. పిల్లలకు తెలిస్తే మార్కులు పెరగలేదు. ఒక్క బడిలో జరిగిన చిన్న ప్రయోగం మీద మేడ కట్టలేం. కాని పరిచయపు ఆట వల్ల ఎవరు మారాలన్న విషయంలో మనం తప్పు మనిషిని చూస్తున్నామేమో అన్న అనుమానం అది కలిగిస్తుంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రకటించిన పని కూడా అలాంటిదే. ఇక్కడ నేను ఇమడలేనేమో అన్న భయం కొత్తలో అందరికీ ఉంటుందనీ, నెమ్మదిగా పోతుందనీ సీనియర్లు చెప్పిన మాటలను కాలేజీలో చేరినవాళ్ళతో ఒక గంట చదివించారు. మూడేళ్ళలో నల్ల విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవాళ్ళతో తేడా దాదాపు సగమైంది. ఇంట్రో పేరుతో బెదిరించే సీనియర్‌కూ, మొదటి సెమిస్టర్‌లో నాకూ ఇలాగే అనిపించిందని చెప్పే సీనియర్‌కూ పట్టే సమయం ఒకటే. బిడియస్థులు ఇబ్బంది పడతారన్న అభ్యంతరానికి జవాబు తేలిక. అరవై మంది ముందు ఒంటరిగా నిలబెట్టకుండా ఇద్దరిద్దరిని మాట్లాడుకోమనాలి. తర్వాత ఒకరి గురించి మరొకరు చెబుతారు. ‘నేను చెప్పను’ అనే హక్కు అందరికీ ఉండాలి. ‘సెలవుల్లో ఎక్కడికెళ్ళావు’ లాంటి ప్రశ్నలు మానేయాలి, ఎక్కడికీ వెళ్ళలేనివాళ్ళు ఏం చెబుతారు?

అన్నిటికన్నా కష్టమైన అభ్యంతరం వేరు. కులం, మతం, ఊరు అడగవద్దంటే వాటిని దాచమన్నట్టేనా? దాచడం పైనున్నవాడికి సుఖం, కిందున్నవాడికి మరో మోత. ఉమ్మడి గుర్తింపు మీద పనిచేసిన శామ్యూల్ గార్ట్నర్, జాన్ డొవిడియో కూడా తమ తొలి మాటను సవరించుకున్నారు. ‘మనమంతా ఒకటే’ అన్న పెద్ద గుంపు కింద పాత గుర్తింపులను చెరిపేయడం అవసరం లేదనీ, రెండూ పక్కపక్కన ఉండవచ్చనీ వారి తర్వాతి వాదన. తేడా ఎవరు చెబుతారన్న దగ్గర ఉంది. హాఫ్, పాండే ప్రయోగంలో కులాన్ని పైవాడు చదివాడు, పిల్లవాడు తలూపాడు. నెల రోజులు కలిసి పనిచేశాక, నమ్మకం కుదిరాక, తన సంగతి తానే చెప్పుకునే పిల్లవాడి పరిస్థితి అది కాదు. మొదటి రోజు ఆ ప్రశ్నకు చోటు లేదంతే.

గుంపులు కట్టే విద్య మన పిల్లలకు కొత్తేం కాదు. కబడ్డీకో బిళ్ళంగోడుకో జట్లు పంచుకునేటప్పుడు సరిసమానంగా ఆడే ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని పక్కకు వెళ్ళి, ఒకరు సూర్యుడు, ఒకరు చంద్రుడు అని రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళు. నాయకులు పేరు కోరుకోవాలే తప్ప మనిషిని కోరుకోవడానికి వీల్లేదు. సత్తాలో జట్లు సమానమవుతాయి, ఎవరూ ఆఖరున మిగిలిపోరు, ఇష్టమైనవాణ్ణి లాక్కోవడానికి కెప్టెన్‌కు సందుండదు. ‘మీకు నచ్చినవాళ్ళతో గుంపు కట్టండి’ అనే టీచరు కన్నా ఆ పిల్లలకు ఈ శాస్త్రం బాగా తెలుసు. పెద్ద తరగతుల్లో ఆట కన్నా కూర్చునే వరస ఎక్కువ పని చేస్తుంది. 2007 తర్వాత ఢిల్లీ ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు సీట్లు ఇవ్వాల్సివచ్చినప్పుడు జరిగిన మార్పును ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించాడు. పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లలు మరింత ఉదారంగా మారారు, రిలే పరుగుకు జోడీని ఎంచుకునేటప్పుడు పేదవాడన్న వివక్ష తగ్గింది. కొన్ని బడుల్లో కలిసి చదువుకునే బృందాలను పిల్లల పేర్ల అక్షరక్రమంలో కట్టేవారు, అక్కడ ఎవరి పక్కన ఎవరు పడతారన్నది పేరులోని మొదటి అక్షరం తేల్చింది. తెలుగు హాజరు పట్టీల్లో చాలాచోట్ల ఇంటిపేరు ముందు వస్తుంది. ఆ వరసలో కూర్చోబెడితే ఒకే ఇంటిపేరువాళ్ళు, ఎక్కువసార్లు ఒకే కులంవాళ్ళు, ఒకే బెంచీ మీదికి చేరతారు. పెట్టిన పేరు ప్రకారం రాస్తే రమణ పక్కన రహీం, రహీం పక్కన రాజేశ్వరి కూర్చుంటారు.